కొత్త గొంతు

యశస్వినికి మళ్ళీ గొంతు పట్టుకుంది. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నప్పుడు ఆ పిల్ల పెరుగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని, మింగకుండా బుగ్గన దాచుకుని, నానమ్మ వైపు చూసింది. ఆ చూపు భారతీదేవికి బాగా తెలుసు. కంచం పక్కకి జరిపి లేచి, చెయ్యి కడుక్కుని, మనవరాలిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. స్పూను కాడతో నాలుకని కిందికి నొక్కి, ఫోను లైటు వేసి చూసింది.

"ఆ అనమ్మా. ఇంకొంచెం."

కొండనాలుకకి అటూ ఇటూ టాన్సిల్స్ ఉసిరికాయల్లా ఉబ్బి, కంది, ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. కుడిపక్క దాని మీద తెల్లటి చీము చుక్కలు. దవడ కింద తడిమితే బిళ్ళలు చేతికి తగిలాయి. ఒళ్ళు అప్పటికే వెచ్చబడుతోంది.

"వచ్చేసింది," అంది కోడలి వైపు తిరిగి.

కోడలు హిమబిందు చిల్లకల్లు హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. రోజూ నందిగామ నుంచి బస్సులో వెళ్ళొస్తుంది. ఆ మాట వినగానే రేపు సెలవు పెట్టాలన్న సంగతే ముందు ఆమె ముఖంలోకి వచ్చింది. "మొన్న పండక్కే కదా అత్తయ్యా తగ్గింది," అని మాత్రం అంది.

గొంతు నొప్పి ఆ ఇంటికి చుట్టం లాంటిది. వంటింట్లో ఒక అర అంతా దానిదే. కరక్కాయలు, శొంఠి కొమ్ములు, మిరియాలు, పుక్కిలించడానికి రాళ్ళుప్పు, అన్నీ అక్కడే ఉండేవి. నొప్పి మొదలవగానే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించడం, శొంఠి అరగదీసి మెడ చుట్టూ పట్టు వెయ్యడం భారతీదేవి పని. అలాగని డాక్టరు మందులంటే ఆవిడకి గిట్టదని కాదు. జ్వరం తగ్గగానే మందు సీసా మూల పడేసే మనిషీ కాదు. ఎన్ని రోజులు వాడమంటే అన్ని రోజులూ గంట చూసుకుని దగ్గరుండి తాగించేది. ఆపరేషన్ అన్న మాట ఒక్కటి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకూడదు.

ఎందుకని అడిగితే ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. కొడుకు వీరేంద్ర చిన్నప్పుడు ఇలాగే అవస్థ పడ్డాడు. పదో తరగతి పరీక్షల్లో గొంతులో చీముగడ్డ కట్టి, నోరు తెరవలేక, ఉమ్మి కూడా మింగలేక, రెండు పేపర్లు జ్వరంలోనే రాసి వచ్చాడు. తీయించెయ్యమని అప్పటి డాక్టర్లు కూడా చెప్పారు. ఆవిడ ససేమిరా అంది. వీరేంద్ర ఇప్పుడు నందిగామలో విత్తనాల కొట్టు నడుపుతున్నాడు. నలభై దాటాయి. ఇప్పటికీ వానలు మొదలైతే మెడకి మఫ్లర్ చుట్టుకుని కొట్లో కూర్చుంటాడు. చిన్నప్పుడే తీయించి ఉంటే పోయేదని తల్లి వినేలా అప్పుడప్పుడూ అంటుంటాడు. ఆవిడ విననట్టే ఉంటుంది.

సోమవారం పిల్లల డాక్టరు భవానీప్రసాద్ గారి దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. ఆయన యశస్విని గొంతు చూసి, పాత చీటీలన్నీ తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"పాప రాత్రిళ్ళు గురక పెడుతోందా?"

"పెడుతోందండి," అంది హిమబిందు. "మధ్యలో ఊపిరి ఆగినట్టయి, ఉలిక్కిపడి లేస్తోంది. పొద్దున స్కూల్లో కునికిపాట్లు పడుతోందని టీచర్ చెప్పింది."

"ఇప్పటికి ఈ మందులు వాడండి. తగ్గాక, సెలవుల్లో విజయవాడ తీసుకెళ్ళి తీయించెయ్యండి. ఇంకా సాగదీస్తే పిల్లకే ఇబ్బంది."

భారతీదేవి కుర్చీలో ముందుకి జరిగింది. "ఎదుగుతుంటే అవే కుదించుకుపోతాయంటారు కదండీ."

"కొందరికి పోతాయమ్మా. ఈ పాపకి పోయేదాకా ఆగే పరిస్థితి లేదు."

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద మాటలే అయ్యాయి. ఇంకో ఏడాది చూద్దామంది భారతీదేవి. ఆయుర్వేదం వాడదామంది. జగ్గయ్యపేటలో ఎవరో పసరు పోస్తారట అని కూడా అంది. అలాంటివాటి మీద తనకే నమ్మకం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. హిమబిందు గొంతు పెంచే మనిషి కాదు. ఓపిగ్గా విని, అత్తగారి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"కారణం చెప్పండి అత్తయ్యా. చెప్తే నేనూ ఆలోచిస్తా. ఏమీ చెప్పకుండా వద్దంటే, పిల్ల అలా ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను చూస్తూ కూర్చోలేను."

భారతీదేవి గుమ్మం పక్క కుర్చీలో పేపరు చదువుతున్న భర్త వైపు చూసింది. బ్రహ్మయ్య గారు ఇంటి విషయాల్లో తలదూర్చే మనిషి కాదు. ఊళ్ళో ఉన్న పొలం, మిరప తోట, అక్కడికి బస్సులో పోయిరావడం, అంతే ఆయన లోకం. ఈసారి మాత్రం పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"తీయించండి," అన్నాడు.

భారతీదేవి లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయనే వెనకాల వచ్చి, కుళాయి గట్టు దగ్గర నిలబడ్డాడు.

"మీ నోటికి ఆ మాట ఎలా వచ్చింది?" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండానే.

"పిల్ల నిద్దట్లో ఎగబీల్చడం నువ్వూ చూస్తన్నావుగా. అప్పటి రోజులు కావే ఇవి."

"అప్పుడూ ఇదే అన్నారు. పాతరోజులు కావు, బెజవాడలో పెద్ద పెద్ద డాక్టర్లున్నారు అని."

బ్రహ్మయ్య గారు కుళాయి విప్పి, అవసరం లేకపోయినా చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు. ఈ మనిషి మర్చిపోయాడు అనుకుంది భారతీదేవి. ఎప్పుడో మర్చిపోయాడు, మోస్తున్నది నేనొక్కదాన్నే.

వాళ్ళ పెద్దకొడుకు రాజేంద్ర. వీరేంద్ర ఇంకా చంకలో ఉన్నప్పటి మాట అది. జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల పోయే దారిలో వాళ్ళ ఊరు. రాజేంద్రకి ఏడేళ్ళు. వాడికీ ఇదే జబ్బు. నెలకోసారి జ్వరం, ముద్ద దిగకపోవడం, బడి మానెయ్యడం. బెజవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయిద్దామన్నది బ్రహ్మయ్యే. భారతీదేవి భయపడింది గానీ కాదనలేదు. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు మంచివాడు, రెండు రోజులుంచుకుని పంపాడు. పిల్లాడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఊరికి వచ్చాడు. చల్లటి పాలు తాగాడు, మెత్తగా కలిపిన మజ్జిగన్నం తిన్నాడు, మూణ్ణాలుగు రోజుల్లో వీధిలోకి కూడా వచ్చాడు.

వారం తిరక్కుండా ఒకనాడు తెల్లవారుతుండగా వాడు లేచి కూర్చుని, కడుపులో తిప్పుతోందన్నాడు. వాంతి చేసుకుంటే అంతా నల్లటి నెత్తురు. లోపల పుండు మీది పక్కు ఊడి, నెత్తురు కారి, నిద్రలోనే ఎంతోసేపటి నుంచి మింగుతూ ఉన్నాడు. పక్కనే పడుకున్న భారతీదేవికి ఆ గుటకల చప్పుడు వినిపిస్తూనే ఉంది. దాహమేమో, పొద్దున్నే నీళ్ళివ్వాలి అనుకుని చంటివాణ్ణి జోకొడుతూ మళ్ళీ కన్నుమూసింది.

ఊళ్ళో కారన్నది లేదు. రోడ్డు మీదికి పరిగెత్తి, సిమెంటు లారీ ఒకటి ఆపి ఎక్కారు. జగ్గయ్యపేటలో డాక్టరు చూసి ఇక్కడ కాదు, కోసిన చోటికే తీసుకెళ్ళమన్నాడు. మళ్ళీ అదే లారీ. కీసర దగ్గర మున్నేరు వంతెన రాకముందే, తండ్రి ఒళ్ళో, పిల్లాడు వేలాడిపోయాడు.

బంగారం లాంటి పిల్లాణ్ణి కోయించి చంపుకున్నారని అత్తగారు నెత్తీ నోరూ కొట్టుకుంది. ఊళ్ళో పరామర్శకి వచ్చినవాళ్ళంతా ఆ మాటే తిప్పి తిప్పి అన్నారు. పెద్దకర్మ నాడు బ్రహ్మయ్య అందరి ముందూ నిలబడి, పిల్లాడు జ్వరంతో పోయాడు, ఇంకోమాట ఈ ఇంట్లో వినపడకూడదు అన్నాడు. అప్పట్నుంచీ అదే మాట. వీరేంద్రకీ అదే చెప్పారు, ఇంటికొచ్చిన కోడలికీ అదే చెప్పారు. చెప్పగా చెప్పగా రాజేంద్ర ఆ ఇంట్లో ఒక జ్వరంగా మిగిలిపోయాడు.

సెలవులు ఇవ్వగానే విజయవాడకి రోజు ఖాయం చేశారు. నేనూ వస్తానంది భారతీదేవి. బ్రహ్మయ్య గారూ చొక్కా వేసుకుని సిద్ధమయ్యాడు. ఎదురింటి డేవిడ్‌రాజు కారు మాట్లాడుకున్నారు. ముందు సీట్లో తాతయ్య, వెనక మిగిలినవాళ్ళు. కీసర టోల్‌గేటు దగ్గర బళ్ళు బారులు తీరి ఉన్నాయి. కారు అంగుళం అంగుళం కదులుతోంది. "ఇక్కడ ఎప్పుడూ ఇంతే," అన్నాడు డేవిడ్‌రాజు. భారతీదేవి పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఎండకి తల తిరుగుతోందేమో అనుకుని హిమబిందు నీళ్ళ సీసా ఇచ్చింది. యశస్విని నానమ్మ ఒళ్ళో తలపెట్టుకుని, ఆపరేషన్ అయ్యాక ఏ ఐస్‌క్రీం తినాలో ఆలోచిస్తోంది.

ఆపరేషన్‌కి ఎంతోసేపు పట్టలేదు. బయట కుర్చీల్లో కూర్చున్న భారతీదేవి ఇంకా మనసు గట్టి చేసుకుంటూ ఉండగానే తలుపు తెరిచి, అయిపోయిందమ్మా, బాగుంది అన్నారు. మధ్యాహ్నానికి పిల్ల లేచి ఏడ్చింది. సాయంత్రానికి కళ్ళనీళ్ళతోనే రెండు స్పూన్ల వెనీలా మింగింది. మర్నాడు పొద్దున ఇంటికి వెళ్ళొచ్చన్నారు. డాక్టరు చిన్నవయసు అమ్మాయి, ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. అన్నీ విడమరిచి చెప్పింది. చల్లనివీ మెత్తనివీ పెట్టాలి, నొప్పి అన్నా నీళ్ళు తాగించాలి, కారం తగలకూడదు.

"గొంతులో తెల్లగా పక్కు కడుతుంది. చూసి చీము అనుకోకండి. వారం పది రోజుల్లో రాలిపోతుంది. అప్పుడు ఎర్రగా ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చెయ్యకుండా తీసుకొచ్చెయ్యండి. చాలామందికి ఏమీ కాదు."

"నిద్దట్లో బయటికి రాకుండా మింగేస్తేనో అమ్మా?" అంది భారతీదేవి.

డాక్టరు ఆవిడ వైపు ఒక్క క్షణం చూసింది. "అవునండి, పిల్లలు మింగేస్తారు. ఊరికే గుటకలు వేస్తుంటే లేపి, లైటు వేసి చూడాలి. ఆ చప్పుడు..."

"తెలుసమ్మా," అంది భారతీదేవి.

హిమబిందు అత్తగారి వైపు చూసింది.

ఇంటికొచ్చాక యశస్విని మంచం హాల్లో వేశారు. భారతీదేవి ఆ మంచం పక్కన చాప వేసుకుని అక్కడే తినడం, అక్కడే కునుకు తియ్యడం. పిల్ల గుటక వేస్తే చాలు, ఆవిడ తల లేచేది. హిమబిందు ఎంత చెప్పినా వినలేదు. యశస్విని నొప్పికి భయపడి నోరు విప్పడం మానేసింది. కావలసింది సైగ చేసి అడిగేది, మరీ తప్పనిసరైతే చెవిలో గుసగుసలాడేది. మామిడికాయల రోజులు. ఆవకాయ వాసనకి ఆ పిల్ల ముక్కు ఎగరేసి, మూతి ముడిచి, మళ్ళీ సగ్గుబియ్యం జావ గిన్నె వైపు తిరిగేది.

ఆ రోజుల్లో బ్రహ్మయ్య గారు పొలం వెళ్ళలేదు. మొదట్లో భారతీదేవికి అది తట్టలేదు. ఎండలకి భయపడుతున్నాడేమో అనుకుంది. ఒక సాయంత్రం పాలప్యాకెట్టు కోసం గేటు దాకా వెళ్తే, ఎదురుగా చెట్టు నీడలో డేవిడ్‌రాజు కారు తుడుచుకుంటున్నాడు.

"ఏంటి డేవిడ్, కిరాయికి పోలా? పెళ్ళిళ్ళ సీజన్ కదా."

"తాతగారు పోవద్దన్నారమ్మా. పాపకి పూర్తిగా తగ్గేదాకా బండి ఇంటి ముందే ఉంచమన్నారు. ట్యాంకు నిండుగా కొట్టించమన్నారు. రోజూ పొద్దునా సాయంత్రం వచ్చి స్టార్ట్ చేయించి మరీ చూస్తన్నారు." అతను గుడ్డ పిండుతూ నవ్వాడు. "మీరు చెప్పమన్నారేమో అనుకున్నా."

భారతీదేవి పాలప్యాకెట్టు పట్టుకుని అక్కడే నిలబడింది. తర్వాత లోపలికి వచ్చింది. గుమ్మం పక్క కుర్చీలో బ్రహ్మయ్య గారు పేపరు పట్టుకుని ఉన్నాడు. మంచం మీద పిల్ల దగ్గింది. పేపరు కొంచెం కిందికి దిగింది. పిల్ల పక్కకి ఒత్తిగిల్లి మళ్ళీ నిద్రపోయింది. పేపరు పైకి లేచింది గానీ, ఆయన కళ్ళు అక్షరాల మీద లేవు. ఇన్నేళ్ళూ ఒకే కప్పు కింద ఉంటూ ఈ మనిషిని తాను ఎంత తప్పుగా చదివిందో ఆవిడకి అప్పుడు తెలిసింది. పాలు కాచి, ఆయనకి కాఫీ కలిపి తెచ్చిచ్చింది.

భయపడ్డ రోజులన్నీ గడిచిపోయాయి. తెల్లటి పక్కు కొంచెం కొంచెంగా రాలి, కింద నుంచి లేత గులాబీరంగు చర్మం వచ్చింది. ఒక్క చుక్క నెత్తురు పడలేదు. యశస్విని నోరు మూసుకుని, గురక లేకుండా, వెల్లకిలా పడుకుని హాయిగా నిద్రపోవడం మొదలుపెట్టింది.

చూపించుకు రమ్మన్న రోజున హిమబిందు, వీరేంద్ర పిల్లని తీసుకుని విజయవాడ వెళ్ళారు. భారతీదేవి డాబా మీద మాగాయ ముక్కలు ఎండబెడుతోంది. ఎండ అప్పుడప్పుడే వాలుతోంది. పాతచీర గుడ్డ మీద ముక్కల్ని తిరగేస్తుండగా కింద గేటు చప్పుడైంది.

"నానమ్మా," అని ఎవరో పిలిచారు.

ఆ గొంతు ఆ ఇంట్లో ఎవరిదీ కాదు. యశస్విని మాట ఎప్పుడూ నోట్లో ముద్ద పెట్టుకున్నట్టు బొంగురుగా, ముక్కుతో కలిసి వచ్చేది. ఇది సన్నగా, తేటగా, నీళ్ళలో కడిగి తీసినట్టుగా ఉంది. ఎవరి పిల్లో అనుకుని భారతీదేవి పిట్టగోడ మీంచి వంగి చూసింది. కింద యశస్విని తలెత్తి నిలబడి ఉంది. "డాక్టరు ఇంక గట్టిగా మాట్లాడొచ్చంది నానమ్మా. అన్నీ తినొచ్చంది."

భారతీదేవి కాలుతున్న డాబా మీద, ఆ ముక్కల మధ్యే కూలబడి, ముఖం రెండు చేతుల్లో పెట్టుకుంది. ఏడుపు ఎక్కడో కడుపులోంచి తన్నుకొచ్చింది. అణుచుకోవాలని కూడా అనిపించలేదు.

మెట్లెక్కి వచ్చిన హిమబిందు హడలిపోయింది. "ఏమైంది అత్తయ్యా? పడ్డారా? పాపకి బాగుందన్నారు, ఇంక ఏ భయమూ లేదన్నారు."

"అదేనే బిందూ. ఏమీ కాలేదు." ఆవిడకి ఊపిరి అందడం లేదు. "ఇంతేనా అమ్మా ఇది? రెండు పూటల్లో అయిపోయే పనా? ఇంత చిన్నదానికా నా పిల్లాడు పోయింది?"

హిమబిందు పక్కనే కూర్చుని ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. అక్కడే, ఆ ఎండలోనే, ముక్కలు ముక్కలుగా మొత్తం బయటికి వచ్చింది. లారీ, నల్లటి నెత్తురు, గుటకల చప్పుడు. ఆ గుటకల సంగతి భారతీదేవి అప్పటిదాకా మొగుడికి కూడా చెప్పలేదు.

మాటలు విని వీరేంద్ర, అతని వెనక బ్రహ్మయ్య గారు పైకి వచ్చి మెట్ల దగ్గర ఆగిపోయారు. పిల్ల కింద టీవీ పెట్టుకుని కూర్చుంది. వీరేంద్ర పిట్టగోడ పట్టుకుని తల్లి వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదమ్మా? ఎన్నిసార్లు అన్నాను నిన్ను. తీయించి ఉంటే బాగుపడేవాణ్ణని."

"అంటే అన్నావులే. అనడానికి నువ్వున్నావు కదా, చాలనుకున్నా."

అతను తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చిన్నపిల్లాడిలా ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకున్నాడు.

హిమబిందు కళ్ళు తుడుచుకుని, మెల్లిగా అడిగింది. "బావగారు ఎలా ఉండేవారు అత్తయ్యా?"

భారతీదేవి తల పైకెత్తింది. ఏడేళ్ళ దగ్గర ఆగిపోయిన వాణ్ణి ఎవరూ ఎప్పుడూ గారు అనలేదు. బావగారట. వాడు బతికి ఉంటే నిజంగా ఈ పిల్లకి బావగారే. నెరిసిన మీసాలతో, ఏ మిరప తోట గట్టు మీదో, ఈ ఇంటికి వరసలూ మర్యాదలూ అడుగుతూ తిరుగుతుండేవాడు. ఆవిడకి మళ్ళీ కళ్ళు నిండాయి. ఈసారి ఏడుపులో వేడి లేదు.

"గొంతు మటుకు వీడిలాగే, ముద్దగా ఉండేది," అంది వీరేంద్ర తల మీద చెయ్యి వేసి. "ఆపరేషన్ అయ్యాక మారింది. ఇందాక అది పిలిచింది చూడు, అచ్చం అలాంటిదే వచ్చింది. కొత్త గొంతు. వాడికే ఆశ్చర్యం."

బ్రహ్మయ్య గారు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, రెండడుగులు ముందుకి వేసి, నీళ్ళ ట్యాంకు గట్టు మీద కూర్చున్నాడు.

"నేను వినలేదు," అన్నాడు.

అందరూ ఆయన వైపు చూశారు.

"అప్పుడు మిరప కోతలు. పొద్దున వాడు లేవకముందే పోయేవాణ్ణి, వాడు పడుకున్నాక వచ్చేవాణ్ణి. బాగానే ఉన్నాడుగా, కోతలయ్యాక తీరిగ్గా చూసుకుందామనుకున్నా. లారీలో వాడేం మాట్లాడలేదు. వాడి కొత్త గొంతు ఎలా ఉంటదో నాకు తెలీదు."

ఆయన నేల వైపు చూస్తూ, ఎవరికో లెక్క అప్పజెప్పినట్టు, మెల్లగా చెప్పాడు. జ్వరం అన్నది కూడా తన కోసం కాదన్నాడు. వచ్చినవాళ్ళంతా నీ ముందు కోయించారు, కోయించారు అంటుంటే, నువ్వు ఆ చంటివాడికి పాలివ్వడం కూడా మానేశావు, ఇంక నిన్నూ పోగొట్టుకుంటానని భయమేసింది అన్నాడు. భారతీదేవి ఆ మాట ఇప్పుడే వింటోంది. తాను పాలు మానేసిన సంగతి కూడా తనకి గుర్తు లేదు.

హిమబిందు భర్త చెయ్యి తట్టి లేపింది. ఇద్దరూ కిందికి, పిల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. డాబా మీద పెద్దవాళ్ళిద్దరూ మిగిలారు. భారతీదేవి లేచి వెళ్ళి ఆయన పక్కన, ట్యాంకు గట్టు మీద కూర్చుంది.

"మన ఇత్తడి బిందె ఉండేది చూడండి, అడుగు సొట్టపోయింది. ఖాళీ చేసి బోర్లించడానికి పెట్టా. వాడు దాని ముందు కూర్చుని, లోపలికి మూతి పెట్టి, రాజేంద్రా అని పిలుచుకున్నాడు. లోపల్నుంచి మోత వస్తే నవ్వాడు. మళ్ళీ పిలిచాడు. పక్కింటివాళ్ళు పిలుస్తున్నారనుకుని నేను వాకిట్లోకి వెళ్ళి చూసొచ్చా కూడా. అమ్మా, నాలోపల వేరే అబ్బాయి ఉన్నాడే అన్నాడు. గొంతు నొప్పెడతది, ఊరుకోరా అని కసిరా."

"రాజేంద్రా అనా?"

"ఆ. సాగదీసి. చివర్న పైకి లేపి."

బ్రహ్మయ్య గారు కళ్ళు మూసుకున్నాడు. కింద టీవీ మోగుతోంది. హైవే మీద లారీలు వరసగా పోతున్నాయి. మాగాయ ముక్కల మీద నుంచి ఎండ పూర్తిగా జారిపోయింది. వాటిని లోపల పెట్టాలని ఆవిడకి తెలుసు. లేవలేదు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు ఆయన.

ఆవిడ మొదట్నుంచీ మళ్ళీ చెప్పింది.